ఇద్దరు సీనియర్ల మధ్య నలిగిపోతున్నాను: జట్టులోని రాజకీయాలను మేనేజరు ఎలా చక్కబెట్టాలి?

ప్రశ్న (కొత్త మేనేజరు)

అందరికీ నమస్కారం. ఒక మధ్యస్థాయి వ్యాపార సంస్థలో 8 నెలల క్రితం అకౌంట్స్ విభాగానికి మేనేజరునయ్యాను. అంతకుముందు 6 ఏళ్లు అదే విభాగంలో, ఇప్పుడు నా కింద పనిచేస్తున్నవారి పక్క కుర్చీలోనే కూర్చుని పనిచేశాను. నాతో కలిపి 11 మందిమి ఉన్నాం. సరఫరాదారులకు చెల్లింపులు చూసే సీనియరు ఒకావిడ, ఖాతాదారుల నుంచి వసూళ్లు చూసే సీనియరు ఇంకొకాయన. ఇద్దరూ పనిమంతులే, కానీ ఒకరంటే ఒకరికి పడదు. నాకు వచ్చిన ఈ పదవికి ఇద్దరూ ఆశపడ్డారన్నది విభాగంలో అందరికీ తెలిసిన సంగతే.

ఇద్దరికీ ఉమ్మడిగా ఇద్దరు జూనియర్లున్నారు. నెలాఖరు వచ్చేసరికి బిల్లులన్నీ సరిచూసి చెల్లింపుల ఫైలు సిద్ధం చేయడానికి ఆవిడకు వాళ్లు కావాలి, బ్యాంకులో జమ అయిన సొమ్ము ఏ ఖాతాదారుదో తేల్చి రికన్సిలియేషన్ (మా లెక్కలను బ్యాంకు లెక్కలతో సరిపోల్చడం) ముగించడానికి ఆయనకూ వాళ్లే కావాలి. ఉదయం ముందుగా వచ్చి ఎవరు అడిగితే వారికి సరేనంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుగా ఉంది నా పరిస్థితి.

గత నెల 29వ తేదీ సాయంత్రం జూనియర్లిద్దరూ వసూళ్ల పనిలో ఉండిపోవడంతో చెల్లింపుల ఫైలు ఆలస్యమైంది. బ్యాంకు గడువు దాటిపోయి సొమ్ము మర్నాడు వెళ్లింది. అరగంటలో ఆవిడ నుంచి నాకొక మెయిల్ వచ్చింది. అందులో ఎవరి పేరూ లేదు. "సిబ్బందిని సకాలంలో కేటాయించనందువల్ల జాప్యం జరిగింది" అని ఒకే వాక్యం ఉంది. కానీ కాపీలో ఫైనాన్స్ డైరెక్టరు గారున్నారు. గంటసేపు కూర్చుని నాలుగు పేరాల జవాబు రాశాను, పంపలేదు, ఇప్పటికీ డ్రాఫ్టుల్లోనే ఉంది. మర్నాడు వసూళ్ల సీనియరు నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మీ మంచి కోరి చెబుతున్నానంటూ, ఆవిడ డైరెక్టరు గారిని విడిగా కలుస్తోందనీ నేను జాగ్రత్తగా ఉండాలనీ చెప్పారు. అప్పటినుంచి ఎవరు ఎవరితో కలిసి భోజనానికి వెళుతున్నారో గమనించడం మొదలుపెట్టాను. ఇది నాకే నచ్చని అలవాటు.

ఇద్దరినీ పిలిచి గట్టిగా మందలించాలా, లేక ఇవేవీ పట్టనట్టు పని మాత్రమే చూసుకోవాలా? ఎవరి పక్షమూ వహించకుండా ఈ వాతావరణాన్ని మార్చే దారి ఉందా? ఇంతకీ ఆ మెయిల్‌కు ఏమని జవాబివ్వాలి?

జవాబు (పాతకాపు)

మీరు మామూలుగా రాసి దాటేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఉదయం ముందుగా వచ్చి ఎవరు అడిగితే వారికి సరేననేవాణ్ణి అన్నారు. క్షమించండి, మీ విభాగంలో రాజకీయం పుట్టింది ఆ ఇద్దరి స్వభావాల్లో కాదు, అక్కడే. పనిచేసేవాళ్లను ఇచ్చే పద్ధతి ఏదీ రాసిపెట్టి లేనప్పుడు, మేనేజరు చెవిలో ముందుగా మాట వేయగలగడమే పద్ధతి అవుతుంది. అప్పుడు తెలివైనవాళ్లెవరైనా ఆ చెవి కోసమే పోటీ పడతారు. ఒకరు తలుపు వేసి గుసగుసగా చెప్పారు, ఒకరు డైరెక్టరు గారిని కాపీలో పెట్టారు. దారులు వేరైనా ఇద్దరూ చేసింది ఒకటే పని.

కాబట్టి మందలింపుతో మొదలుపెట్టకండి. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, నెలలో చివరి 7 పనిదినాల కాగితం ఒకటి మధ్యలో పెట్టి, ఏ రోజు ఏ జూనియరు ఎవరి దగ్గర ఉండాలో వాళ్లచేతనే రాయించండి. వాళ్లిద్దరూ తేల్చుకోలేని రోజు ఏదైనా మిగిలితే దానిని మీరు తేల్చండి, ఏ కారణంతో అలా తేల్చారో కూడా అదే కాగితం మీద రాయండి. ఆ కారణం నలుగురికీ కనబడడం నిర్ణయం కంటే ముఖ్యమని నా అనుభవం. తనకు వ్యతిరేకంగా వచ్చిన నిర్ణయాన్ని మనిషి నాలుగు రోజుల్లో దిగమింగుకుంటాడు గానీ, ఎందుకు వచ్చిందో తెలియని నిర్ణయం వెనుక ఎవరి హస్తం ఉందోనని ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉంటాడు.

ఇక ఆ తలుపు విషయం. ఎదుట లేని మనిషి గురించి ఎవరైనా మీ గదిలో ఫిర్యాదు మొదలుపెడితే, వారి మాట పూర్తిగా విని, ఒకే ప్రశ్న అడగండి: "ఈ మాట వారితో చెప్పారా?" చెప్పలేదంటే ఎప్పుడు చెబుతారో అడగండి, ఒంటరిగా చెప్పడం ఇబ్బందిగా ఉంటే మీరూ పక్కన కూర్చుంటానని చెప్పండి. మీరు మాత్రం ఆ మాటను మోసుకెళ్లి రెండోవారికి అందించకండి. మేనేజరు మాటలు మోయడం మొదలుపెడితే వాటికి మధ్యలోనే కాళ్లూ చేతులూ మొలుస్తాయి. అయితే దీనికి కచ్చితమైన మినహాయింపులున్నాయి. వేధింపులు, డబ్బు అవకతవకలు, భద్రతకు ముప్పు వంటి విషయాలతో వచ్చినవారిని వెళ్లి వారితోనే మాట్లాడుకోమనడం ఘోరమైన తప్పు. అవి చాడీలు కావు. వాటిని గోప్యంగా విని, సంస్థ నియమాల ప్రకారం వెంటనే ముందుకు తీసుకెళ్లాలి.

నేనూ ఒకప్పుడు ఇందులో బోల్తాపడ్డవాణ్ణే. నా జట్టులో ఒకాయనను రోజూ సాయంత్రం నా బండి మీదే ఇంటికి దిగబెట్టేవాణ్ణి. దారిలో ఆ రోజు సంగతులు, రేపటి ఆలోచనలు దొర్లేవి. నా దృష్టిలో అది స్నేహం మాత్రమే. ఉద్యోగం మానేస్తున్న ఒక అమ్మాయిని కారణం అడిగితే, "మీ నిర్ణయాలేమిటో మాకు మీరు చెప్పకముందే ఆయన ముఖంలో తెలిసిపోయేవి సార్" అంది. పక్షపాతం చూపానన్న స్పృహ కూడా నాకు లేదు, అయినా ఏడాది పొడుగునా చూపుతూనే ఉన్నాను. మీరు ఒకప్పుడు వాళ్ల పక్క కుర్చీలో ఉన్నవారు గనుక, పాత స్నేహాల్లో ఇలాంటి సందులేమైనా మిగిలి ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.

జవాబు (హెచ్‌ఆర్‌లో పదేళ్లు)

పైన పాతకాపు గారు చెప్పినదంతా జట్టు లోపలి సంగతి. అందులో నాకు భేదం లేదు. కానీ "ఇవేవీ పట్టనట్టు" ఉండే మేనేజరును నేనింతవరకూ చూడలేదు. పట్టనట్టు నటించేవారిని మాత్రం చాలామందిని చూశాను, వాళ్ల జట్లు ప్రతి బడ్జెట్ సమావేశంలోనూ ఖాళీ చేతులతో తిరిగొచ్చేవి. పలుకుబడిని వాడడం తప్పు కాదు. దేనికోసం వాడుతున్నాం, ఎంత బాహాటంగా వాడుతున్నాం అన్నదే అసలు విషయం.

మనస్తత్వశాస్త్రవేత్తలు జాన్ ఫ్రెంచ్, బెర్ట్రమ్ రేవెన్ 1959లో ఒక మనిషికి మరొకరి మీద ఉండే పట్టును 5 రకాలుగా విభజించారు: పదవి వల్ల వచ్చేది, ప్రతిఫలం ఇవ్వగలగడం వల్ల వచ్చేది, శిక్షించగలగడం వల్ల వచ్చేది, నైపుణ్యం వల్ల వచ్చేది, ఎదుటివారి అభిమానం వల్ల వచ్చేది. సమాచారం చేతిలో ఉండడం వల్ల వచ్చే పట్టును ఆ తరువాత 1965లో రేవెన్ ఆరవదిగా చేర్చారు. కొత్తగా మేనేజరైనవారు మొదటి మూడింటినీ చూసుకుని ధీమాగా ఉంటారు, జట్టులో సగం పనులు మిగతా మూడింటి మీద నడుస్తుంటాయి. వసూళ్ల సీనియరు తలుపు వేసి మీకు అందించినది ఈ ఆరవ రకమే. ఆవిడ డైరెక్టరు గారిని కలుస్తోందన్న కబురు నిజమో కాదో మీకు తెలియదు, అయినా అది మీ చూపును భోజనాల బల్ల వరకూ తిప్పింది. సమాచారం కొద్దిమంది దగ్గరే ఉన్నంతకాలమే దానికి ఆ బలం. డైరెక్టరు గారితో మీ సమావేశాల్లో ఏం తేలిందో ప్రతి వారం అందరికీ ఒకేసారి, ఒకే మాటల్లో చెప్పే అలవాటు చేసుకుంటే, మీ గదికి కబుర్లు మోసుకొచ్చే పని సగం దానంతటదే పడిపోతుంది.

మెయిల్ విషయానికొస్తే, ఆ నాలుగు పేరాల డ్రాఫ్టును తీసేయండి. ముందుగా డైరెక్టరు గారిని 10 నిమిషాలు అడిగి ముఖాముఖి కలవండి. జరిగింది తేదీతో, గంటతో సహా చెప్పండి. సిబ్బంది కేటాయింపులో మీ లోపాన్ని మీరే మొదట ఒప్పుకోండి, ఎందుకంటే మెయిల్‌లోని ఆ వాక్యం, మీకు బాధ కలిగించినా, అబద్ధం కాదు. వచ్చే నెల నుంచి ఏం మారుతుందో చెప్పండి. ఆవిడ స్వభావం గురించి ఒక్క మాట కూడా అనకండి. ఆ తరువాత అదే మెయిల్‌కు, కాపీలో ఉన్న పేర్లు తీసేయకుండా, రెండు వాక్యాల జవాబివ్వండి: జాప్యం నిజమే, ఈ నెలాఖరుకు ముందే కేటాయింపు పట్టిక అందరికీ అందుతుంది అని. కాపీలో నుంచి పేరు తొలగిస్తే దాచిపెడుతున్నట్టుంటుంది, కొత్త పేర్లు చేరిస్తే యుద్ధం ప్రకటించినట్టుంటుంది.

ఆవిడతో విడిగా మాట్లాడేటప్పుడు, కాపీలో పెట్టే హక్కు మీకు లేదని అనవద్దు. "మీరు ముందు నాకు చెబితే ఆ సాయంత్రమే ఏదైనా చేయగలిగేవాణ్ణి, నాకు చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?" అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే సమాధానం వినడానికి కాస్త గుండె దిటవు చేసుకుని వెళ్లండి.

జవాబు (తెరిచిన కిటికీ)

నా పేరు చూస్తేనే నేనేం చెప్పబోతున్నానో కొందరికి తెలిసిపోతుంది. సంస్థల నిర్వహణ గురించి తొలితరంలో ఆలోచించినవారిలో ఒకరైన మేరీ పార్కర్ ఫాలెట్ 1925లో చేసిన ఒక ప్రసంగంలో తనకు ఎదురైన చిన్న సంఘటన చెప్పారు. గ్రంథాలయంలోని ఒక చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూసే ఉంచాలన్నారు. చివరకు ఎవరూ కూర్చోని పక్క గదిలోని కిటికీ తెరిచారు. ఇది రాజీ కాదంటారామె. ఆయనకు కావలసింది గదిలోకి గాలి రావడం, ఆమెకు కావలసింది ఉత్తరపు గాలి నేరుగా తన మీద కొట్టకపోవడం. ఇద్దరి కోరికా పూర్తిగా తీరింది. కిటికీని సగం తెరిచి ఉంటే ఇద్దరికీ సగం అసంతృప్తి మిగిలేది.

మీ ఇద్దరు సీనియర్లూ జూనియర్లు కావాలంటున్నారు. జూనియర్లు ఇక్కడ కిటికీ. వాళ్లు దొరికితే ఏ పని తీరుతుందో ఇద్దరినీ విడివిడిగా అడిగి చూడండి. ఆవిడకు నిజంగా కావలసింది 29వ తేదీన ఇద్దరు మనుషులు కాకపోవచ్చు, బిల్లులు ముందుగానే సరిచూసి ఉండడం కావచ్చు. ఆయనకు కావలసింది నెల పొడుగునా రోజుకో గంట బ్యాంకు స్టేట్‌మెంటు చూసే మనిషి కావచ్చు. అకౌంట్స్‌లో నెలాఖరు రద్దీ చాలాచోట్ల నెల మొదటి 20 రోజుల్లో చేయని పనుల పోగే. ఆ పోగును ముందుకు జరిపితే, పాతకాపు గారు వేయమన్న 7 రోజుల పట్టికలో కొట్లాడుకోవడానికి పెద్దగా గళ్లు మిగలవు. ఆ పట్టిక వేయవద్దని కాదు, దానికి ముందు ఈ సంభాషణ జరగకపోతే అది కిటికీని సగం తెరవడమే అవుతుంది.

అయితే అన్ని గొడవలకూ పక్క గది ఉండదు. ఇద్దరు పురుషులు ఒకే స్త్రీని పెళ్లాడాలనుకుంటే రెండు కోరికలూ తీరే దారి లేదని ఫాలెట్ కూడా అదే ప్రసంగంలో ఒప్పుకున్నారు. మీ కుర్చీ అలాంటిదే. ముగ్గురు ఆశపడ్డారు, ఒకరికి వచ్చింది. దాని గురించి ఈ 8 నెలల్లో మీలో ఎవరూ నోరు విప్పి ఉండరని నా అనుమానం. జూనియర్ల గొడవలో వినిపిస్తున్న ఆవేశంలో కొంత నిజానికి ఈ కుర్చీదే. మీరే ఒకసారి, ఒక్కొక్కరితో విడిగా, ఓదార్పు మాటలూ పాండిత్యమూ లేకుండా ఆ ప్రస్తావన తీసుకురండి. వారికి తరువాతి మెట్టు ఏదో మీకు తెలిసి ఉంటే దాని గురించి మాట్లాడండి. తెలియకపోతే లేని ఆశ మాత్రం పెట్టకండి.

జవాబు (రెండు టేబుళ్ల మధ్య)

ఇంతమంది ఇంత రాశారు గానీ, ఆ ఇద్దరు జూనియర్లను ఎవరైనా ఒక మాట అడిగారా? నేను మూడేళ్లు అలాంటి ఉమ్మడి జూనియరుగా పనిచేశాను. ఇద్దరు పెద్దల మధ్య పనిచేసేవాడు ముందుగా నేర్చుకునేది అకౌంటింగ్ కాదు, "అయిపోవచ్చిందండీ" అని ఇద్దరికీ ఒకేసారి చెప్పడం. ఎవరి పని ముందు చేసినా రెండోవారి మనిషినన్న ముద్ర పడుతుంది. నాకు ఎవరి మీదా కోపం లేకపోయినా, ఎవరితో టీ తాగాలన్నా రెండుసార్లు ఆలోచించుకోవలసి వచ్చేది. ఏ పనికి నిజంగా ఎన్ని గంటలు పడుతుందో కచ్చితంగా తెలిసినవాళ్లు ఆ జూనియర్లే. మీ పట్టిక వేసే బల్ల దగ్గర వాళ్లకూ కుర్చీలు వేయండి.

ప్రశ్న అడిగినవారి స్పందన (కొత్త మేనేజరు)

6 వారాల తరువాత రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

డైరెక్టరు గారితో మాట్లాడడం నేను భయపడినంత కష్టం కాలేదు. అంతా విని, ఆ సాయంత్రమే తనకెందుకు ఫోన్ చేయలేదని మాత్రం అడిగారు. ఒక్క ఫోన్ చేసి ఉంటే బ్యాంకు వాళ్లతో మాట్లాడేవాణ్ణన్నారు. ఆవిడ తనను విడిగా కలుస్తోందన్న సంగతి నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు. ఇప్పుడు దాని గురించి ఆలోచించడం తగ్గించుకున్నాను.

జూనియర్లను కూర్చోబెట్టిన రోజు నాకు కళ్లు తెరుచుకున్నాయి. సరఫరాదారుల బిల్లులు 10వ తేదీ నుంచే వచ్చి ఒక ట్రేలో పడి ఉంటున్నాయట. కొనుగోలు ఆర్డరు నంబరు లేని బిల్లులను విడదీసి వెనక్కి పంపే పని ఎవరికీ అప్పగించి లేదు కాబట్టి అన్నీ కలిసి చివరి వారం మీద పడుతున్నాయి. ఇప్పుడు ఆ పని ప్రతి మంగళవారం జరుగుతోంది. ఈ నెల 29న ఫైలు మధ్యాహ్నం 3 గంటలకే నా బల్ల మీదకు వచ్చింది.

కుర్చీ సంగతి ఎత్తడమే అన్నిటికంటే కష్టమైంది. చెల్లింపుల సీనియరు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "పదవి మీకు ఇచ్చినందుకు కాదండీ, ఆ విషయం నాకు నోటీసు బోర్డు చూసి తెలిసింది" అన్నారు. ఆ ప్రకటన వెలువడడానికి రెండు రోజుల ముందే నాకు తెలుసు. నేనైనా చెప్పి ఉండవచ్చు. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా.

వసూళ్ల సీనియరు విషయంలో మాత్రం ఫలితం అంతంత మాత్రమే. ఆయన మళ్లీ ఒకసారి తలుపు వేసి కూర్చున్నప్పుడు, ఈ మాట ఆవిడతో చెప్పారా అని అడిగాను. "అయితే వద్దులెండి" అని లేచి వెళ్లిపోయారు. అప్పటినుంచి నాతో పొడిపొడిగానే ఉంటున్నారు, కానీ పని ఆగలేదు.

వచ్చే నెల అప్రైజళ్లు (పనితీరు మదింపులు) ఉన్నాయి. ఆయన నన్ను దూరం పెడుతున్న ఈ సమయంలో నేను ఏ రేటింగ్ ఇచ్చినా దానికి వేరే అర్థం తీస్తారేమోనని ఇప్పుడు నా దిగులు.

జవాబు (పాతకాపు)

తీస్తారు, దానిని మీరు ఆపలేరు. మీరు చేయగలిగింది, ఆ అర్థానికి ఆధారం లేకుండా చూడడం. ఈ 6 వారాల చల్లదనం ఏడాది మొత్తం మీద నీడ వేయకుండా, ఏడాది మొదటినుంచీ నెలల వారీగా ఆయన ముగించిన రికన్సిలియేషన్లు, తేల్చిన పాత బకాయిలు, వచ్చిన తప్పులు కాగితం మీద పెట్టుకోండి. ఆవిడకూ అచ్చం అలాగే చేయండి. రేటింగ్ వేసేముందు ఇద్దరి కాగితాలనూ పేర్లు మూసి ఒకసారి చదవండి, నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. ఆయనలో మీకు కనిపించిన లోపం ఏదైనా ఉంటే అప్రైజల్ రోజు వరకూ దాచుకోకుండా ఈ వారమే చెప్పండి, సరిదిద్దుకోవడానికి ఆయనకు ఇంకా కొంత వ్యవధి ఉంది. మీ గది తలుపు వేసి గుసగుసలాడడం గురించి మాత్రం ఆ ఫారంలో ఒక్క అక్షరం రాయకండి. అది ఆయన పనితీరు కాదు, ఇన్నాళ్లూ మీరు నడవనిచ్చిన పద్ధతి.